ఆల్టర్నేట్ పికింగ్

ఆల్టర్నేట్ పికింగ్ అనేది గిటారు, మాండొలిన్ మొదలైన తీగ వాద్యాలను పిక్‌తో వాయించే పద్ధతులలో ఒకటి. ఇందులో పిక్ తీగను ఒకసారి క్రిందికి, తరువాత ఒకసారి పైకి మీటుతుంది. స్వరం ఏదైనా, తీగ ఏదైనా ఈ క్రమం తప్పదు. వరుసగా రెండుసార్లు క్రిందికి గాని, రెండుసార్లు పైకి గాని మీటడం ఉండదు. స్కేళ్ళను, వాటితో అల్లిన స్వర వరుసలను వేగంగా, ప్రతి స్వరమూ విడివిడిగా వినబడేటట్లు వాయించడానికి ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది.

నియమం ఒక్క వాక్యంలో చెప్పగలిగినంత చిన్నది. కాని ఆచరణలో చాలామంది విద్యార్థులు ఇక్కడే సంవత్సరాల తరబడి ఆగిపోతారు. వేగం చేతి బలం వలన వస్తుందని భావించి గంటల కొద్దీ సాధన చేసి, మణికట్టు నొప్పితో వాద్యాన్ని ప్రక్కన పెట్టేవారూ ఉన్నారు. ఒకే తీగ మీద క్రిందికీ పైకీ మీటడం అంత కష్టమైన పని కాదు. కష్టమంతా ఒక తీగ నుండి మరొక తీగకు మారే చోటనే ఉంది.

పరిభాష

గిటారుకు సాధారణంగా ఆరు తీగలు ఉంటాయి. అన్నిటికంటే సన్ననిది 1వ తీగ, లావుది 6వ తీగ. వాయించేవారు గిటారును ఒడిలో పట్టుకొన్నప్పుడు 6వ తీగ ముఖానికి దగ్గరగా, 1వ తీగ నేలకు దగ్గరగా ఉంటాయి. కనుక స్వరాలు ఆరోహణలో పైకి వెళ్ళేకొద్దీ మీటే చేయి క్రిందికి దిగుతుంది. కొత్తవారికి ఇది తికమకగా ఉంటుంది. ఈ వ్యాసంలో 'క్రింది మీటు' అనగా నేల వైపు, 'పై మీటు' అనగా ముఖం వైపు అని గ్రహించవలెను.

పిక్‌ను ప్లెక్ట్రమ్ అని కూడా అంటారు. ఇది దాదాపు త్రికోణాకారంలో ఉండే చిన్న బిళ్ళ. పూర్వం దీనిని సముద్రపు తాబేలు చిప్పతో చేసేవారు. 1970ల దశకంలో ఆ తాబేలు చిప్ప వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందం ద్వారా నిషేధించబడింది. సెల్యులాయిడ్, నైలాన్ వంటి పదార్థాలు అప్పటికే వాడుకలో ఉన్నాయి.

ఈ నియమం ఎందుకు

క్రిందికి మీటిన పిక్ మరల మీటడానికి ఎలాగూ పైకి రావలెను. వచ్చేటప్పుడు తీగను తాకకుండా ఖాళీగా రావడం కంటే, మరొక స్వరం పలికిస్తూ రావడం మేలు. అదే కదలికకు రెండు స్వరాలు దక్కుతాయి.

రెండవ ప్రయోజనం లయకు సంబంధించినది. ఒక్కొక్క దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున, అనగా చతురశ్ర నడకలో వాయించేటప్పుడు మొదటి, మూడవ స్వరాలు క్రింది మీటుపై, రెండవ, నాలుగవ స్వరాలు పై మీటుపై పడతాయి. ప్రతి దెబ్బా క్రింది మీటుతోనే మొదలవుతుంది. దీనివలన కుడి చేయి తాళం వేసే చేయి వలె పనిచేస్తుంది.

ఈ ఆలోచన గిటారుకు మాత్రమే చెందినది కాదు. సితారు, సరోద్ వాద్యాలలో 'దా', 'రా' అనే రెండు మీటులు ఎదురెదురు దిశలలో ఉంటాయి. విద్యార్థి మొదట నేర్చుకొనే పాఠాలలో వీటిని మార్చి మార్చి మీటడం ఒకటి. స్పెయిన్ దేశపు ఫ్లెమెంకో గిటారు వాదకులు పిక్ లేకుండానే చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటుతారు.

చరిత్ర

మాండొలిన్‌లో స్వరాన్ని సాగదీయడానికి క్రిందికీ పైకీ వేగంగా మీటే ట్రెమొలో పద్ధతి గిటారు వారికంటే ముందు నుండే ఉంది. జాజ్ సంగీతంలో తొలి తరపు గిటారు వాదకులందరూ ఈ నియమాన్ని పాటించలేదు. ఎలక్ట్రిక్ గిటారును జాజ్‌లో సోలో వాద్యంగా నిలబెట్టిన చార్లీ క్రిస్టియన్ (1916–1942) ఎక్కువగా క్రింది మీటులనే వాడాడు. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) తీగ మారిన ప్రతిసారీ క్రింది మీటుతోనే మొదలుపెట్టేవాడు. వీరి వేగానికి ఎవరూ వంక పెట్టలేరు.

అమెరికా జానపద సంగీతంలో ఫిడేలుపై వాయించే వేగమైన నాట్య గీతాలను డాక్ వాట్సన్ (1923–2012) గిటారుపై పిక్‌తో వాయించి పేరు పొందాడు. డిక్ డేల్ 1962లో రికార్డు చేసిన 'మిసిర్లూ'లో ఒకే తీగ మీద ఎడతెగని వేగమైన మీటు వినవచ్చును. 1970ల దశకంలో జాన్ మెక్‌లాఫ్లిన్, ఆల్ డి మియోలా ఈ పద్ధతిని జాజ్-రాక్ మిశ్రమ సంగీతానికి గుర్తుగా మార్చారు. వీరిద్దరూ పాకో డి లూసియాతో కలసి వాయించిన 'ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో' అనే ఆల్బం 1981లో విడుదలయింది. అందులో పాకో చేతిలో పిక్ లేదు, తక్కిన ఇద్దరి చేతుల్లో ఉంది. ఈ రెండు రకాల నాదాల తేడాను గమనించదలచిన విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. తరువాతి తరంలో స్టీవ్ మోర్స్, పాల్ గిల్బర్ట్, జాన్ పెట్రూచి ఈ పద్ధతికి ప్రసిద్ధులు.

పిక్‌తో వాయించే వాద్యంపై కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతటా వినిపించిన ఘనత పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014)కు దక్కుతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించేవారు. మెక్‌లాఫ్లిన్ నడిపిన 'రిమెంబర్ శక్తి' బృందంలో ఇద్దరూ ఒకే వేదికపై వాయించారు.

తీగ మారడంలోని చిక్కు

గిటారుపై స్కేళ్ళను వాయించే అమరికలలో ఒక్కొక్క తీగకు మూడు స్వరాల చొప్పున పేర్చిన అమరిక చాలా ప్రచారంలో ఉంది. ఉదాహరణకు జి మేజర్ స్కేలును తీసుకొనవచ్చును. దీని స్వరస్థానాలు ధీరశంకరాభరణ మేళంలోనివే. జి స్వరాన్ని షడ్జమంగా భావిస్తే అమరిక ఈ విధంగా ఉంటుంది.

6వ తీగ: ఫ్రెట్లు 3, 5, 7 – స రి గ – క్రింది, పై, క్రింది
5వ తీగ: ఫ్రెట్లు 3, 5, 7 – మ ప ద – పై, క్రింది, పై
4వ తీగ: ఫ్రెట్లు 4, 5, 7 – ని స రి – క్రింది, పై, క్రింది
3వ తీగ: ఫ్రెట్లు 4, 5, 7 – గ మ ప – పై, క్రింది, పై
2వ తీగ: ఫ్రెట్లు 5, 7, 8 – ద ని స – క్రింది, పై, క్రింది
1వ తీగ: ఫ్రెట్లు 5, 7, 8 – రి గ మ – పై, క్రింది, పై

మూడు బేసి సంఖ్య కావడం వలన 6వ తీగ క్రింది మీటుతో మొదలైతే 5వ తీగ పై మీటుతో మొదలవుతుంది. తరువాతి తీగ మరల క్రింది మీటుతో. ఆరోహణలో 18 స్వరాలు, చివరి స్వరాన్ని తిరిగి మీటకుండా వెనుకకు వస్తే అవరోహణలో 17, మొత్తం 35 స్వరాలు. క్రింది మీటుతో మొదలైన వరుస క్రింది మీటుతోనే ముగుస్తుంది. పై మీటుతో ముగిసిందంటే మధ్యలో ఎక్కడో క్రమం తప్పినట్లే. విద్యార్థి తనను తాను పరీక్షించుకొనడానికి ఇది సులభమైన మార్గం.

ఇప్పుడు 6వ తీగపై మూడవ స్వరాన్ని (గ) క్రిందికి మీటిన క్షణంలో పిక్ కొన ఎక్కడ ఉందో గమనించవలెను. అది 6వ, 5వ తీగల మధ్య ఉంటుంది. తరువాతి స్వరాన్ని (మ) 5వ తీగపై పై మీటుతో పలికించవలెను. అందుకు పిక్ 5వ తీగకు ఆవలి వైపున ఉండాలి. అనగా 5వ తీగను తాకకుండా దాని మీదుగా దాటి, అవతల దిగి, వెనుకకు మీటవలెను. నెమ్మదిగా వాయించేటప్పుడు చేయి తనంతట తాను కొద్దిగా లేచి దాటుతుంది. వాయించేవారికి ఆ సంగతే తెలియదు. వేగం పెరిగినప్పుడు అలా లేచి దిగే సమయం ఉండదు. పిక్ రెండు తీగల మధ్య చిక్కుకొంటుంది, లేదా దాటవలసిన తీగను తాకి అక్కరలేని శబ్దం చేస్తుంది.

దీనికి పరిష్కారం పిక్ కదిలే దారిలో ఉంది. పిక్ తీగల తలానికి సరిగ్గా సమాంతరంగా కాక కొంచెం ఏటవాలుగా కదిలితే, ఒక మీటు చివరన దాని కొన తీగల ఎత్తు దాటి పైకి లేస్తుంది. అక్కడి నుండి ప్రక్క తీగకు అడ్డు లేదు. కాని అదే ఏటవాలు వలన రెండవ మీటు చివరన కొన తీగల మధ్యకు దిగుతుంది. ఒక వాలు ఒక్క మీటునే బయటకు రానిస్తుంది. క్రింది మీటు బయటకు వచ్చే వాలు ఒకటి, పై మీటు బయటకు వచ్చే వాలు మరొకటి.

సరి సంఖ్యలో స్వరాలున్న తీగలను దాటేటప్పుడు ఈ భేదం బాధించదు. ఎ మైనర్ పెంటాటోనిక్ స్కేలులో తీగకు రెండేసి స్వరాలు ఉంటాయి (6వ తీగపై 5, 8 ఫ్రెట్లు; 5వ తీగపై 5, 7 ఫ్రెట్లు...). క్రింది మీటుతో మొదలుపెడితే ప్రతి తీగనూ పై మీటుతోనే విడుస్తాము. కనుక ఒకే వాలు చాలును. తీగకు మూడేసి స్వరాల అమరికలో మాత్రం ఒక తీగను క్రింది మీటుతో, తరువాతి తీగను పై మీటుతో విడువవలెను. అందుకని వాలు మార్చుకొంటూ పోవాలి, లేదా మీటు రెండు చివరలా కొద్దిగా పైకి లేచే విల్లు వంటి దారిలో కదలాలి. మోచేతి క్రింది భాగాన్ని తాళం చెవి త్రిప్పినట్లు కొద్దిగా త్రిప్పడం ద్వారా కొందరు దీనిని సాధిస్తారు.

పెంటాటోనిక్ స్కేలును మెరుపు వేగంతో వాయించే విద్యార్థి మేజర్ స్కేలు దగ్గర తడబడడానికి తరచుగా కారణం ఇదే. అతని చేతికి వేగం లేక కాదు, ఆ చేతికి తెలిసిన దారి ఒక్కటే. దీనిని గుర్తించకుండా మెట్రోనోమ్ పెట్టుకొని మరింత సాధన చేయమని చెప్పడం వలన ప్రయోజనం తక్కువ.

ప్రసిద్ధ వాదకులలో కూడా ఈ పరిమితి ఉన్నవారు ఉన్నారు. అమెరికాకు చెందిన ట్రాయ్ గ్రేడీ ప్రసిద్ధ వాదకుల మీటును దగ్గరగా వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూపి ఈ విషయాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఇంగ్వే మాల్మ్‌స్టీన్ తీగను పై మీటుతో విడువగలిగేటట్లు, అనగా తీగపై సరి సంఖ్యలో స్వరాలు వచ్చేటట్లు తన స్వర వరుసలను అమర్చుకొంటాడు. అది కుదరని చోట ఒకే దిశలో పిక్‌ను జార్చుతూ ప్రక్క తీగకు వెళతాడు. పరిమితి అతని శైలిగా మారింది.

ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ పికింగ్

ప్రక్క ప్రక్కన ఉన్న రెండు తీగలను ఎదురెదురు మీటులతో మీటడం రెండు రకాలు. 6వ తీగను క్రిందికి, 5వ తీగను పైకి మీటితే పిక్ రెండు తీగలనూ బయటి వైపు నుండి తాకుతుంది. దీనిని అవుట్‌సైడ్ పికింగ్ అంటారు. 6వ తీగను పైకి, 5వ తీగను క్రిందికి మీటితే లోపలి వైపు నుండి తాకుతుంది. ఇది ఇన్‌సైడ్ పికింగ్. ఎక్కువ మందికి మొదటిది సులభంగా, రెండవది ఇరుకుగా అనిపిస్తుంది.

ఈ రెండింటినీ విడివిడిగా సాధన చేయడానికి చక్కని ఉపాయం ఒకటి ఉంది. పై జి మేజర్ అమరికలో 6వ, 5వ తీగలపై ఉన్న స రి గ మ ప ద అనే ఆరు స్వరాలను మాత్రమే తీసుకొని, ద తరువాత ఆగకుండా మరల స దగ్గరకు వస్తూ చక్రం వలె వాయించవలెను. క్రింది మీటుతో మొదలుపెడితే వెళ్ళేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ అవుట్‌సైడ్ దాటు మాత్రమే వస్తుంది. అదే ఆరు స్వరాలను పై మీటుతో మొదలుపెడితే రెండు చోట్లా ఇన్‌సైడ్ దాటు మాత్రమే వస్తుంది. ఎడమ చేతి పని ఒక్కటే; మారినది మొదటి మీటు మాత్రమే. రెండవ విధంగా వాయించినప్పుడు చేయి ఎంత మొరాయిస్తుందో చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది.

సాధన

పిక్‌ను బొటనవ్రేలికి, చూపుడు వ్రేలి ప్రక్క భాగానికి మధ్య పట్టుకొంటారు. కొన కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే బయటకు కనబడితే చాలును. ఎక్కువ బయట ఉంటే తీగలో లోతుగా దిగి ఆలస్యం చేస్తుంది. పలుచని పిక్ తీగ తాకగానే వంగుతుంది కనుక విడి స్వరాల సాధనకు సుమారు 1 మిల్లీమీటరు గాని, అంతకు మించి గాని మందం ఉన్నదానిని చాలామంది ఇష్టపడతారు. కదలిక ముఖ్యంగా మణికట్టు నుండి రావాలని ఎక్కువ మంది బోధకులు చెప్తారు. మోచేతిని బిగించి మొత్తం చేతిని ఊపడం త్వరగా అలసట తెస్తుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకొన్నవారికి ఈ సాధన కొత్త కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు అన్నీ స్వర వరుసలే. వాటిని గిటారుపై ఈ పద్ధతిలో వాయించవచ్చును. అయితే ఇక్కడ చేసేది స్వరస్థానాల అభ్యాసం మాత్రమేనని గుర్తుంచుకోవాలి. గమకాలు లేని ఈ మీటు శంకరాభరణ రాగం అనిపించుకోదు.

జంట స్వరాలు (స స, రి రి, గ గ) ఈ పద్ధతికి ప్రత్యేకంగా సరిపోతాయి. ప్రతి స్వరానికీ ఒక క్రింది మీటు, ఒక పై మీటు. ఎడమ చేయి సగం వేగంతోనే కదులుతుంది కనుక దృష్టిని కుడి చేతిపై నిలుపవచ్చును. జంట స్వరాలలో రెండవ స్వరాన్ని నొక్కి పలకడం సంప్రదాయం. గిటారుపై ఆ రెండవ స్వరం పై మీటుపై పడుతుంది. సహజంగా పై మీటు క్రింది మీటుకంటే బలహీనం. దానిని నొక్కి పలికించడం అలవాటైతే రెండు మీటుల నాదం సమానమవుతుంది.

తరువాత నాలుగేసి స్వరాల వరుస, అనగా స రి గ మ, రి గ మ ప, గ మ ప ద అని సాగే ఏకతాళ అలంకారం. దీనిని పై అమరికలో వాయించినప్పుడు స రి గ మూడు 6వ తీగపై, మ ఒక్కటే 5వ తీగపై పలికి, వెంటనే రి కొరకు మరల 6వ తీగకు రావలసి ఉంటుంది. ఒక్క స్వరం కొరకు తీగ మారి వెనుకకు రావడం వేగంలో చాలా కష్టం. వరుస మొత్తాన్ని పదే పదే వాయించడం కంటే, గ మ రి అనే ఆ మూడు స్వరాలనే తీసుకొని (క్రింది, పై, క్రింది) దిద్దుకోవడం మేలు. పాఠ్యపుస్తకంలో తెలిసిన పాఠాన్నే మరల మరల చదివి, రాని లెక్కను వదిలివేసే విద్యార్థి వలె కాకూడదు.

మూడేసి స్వరాల తిశ్ర నడకలో మరొక విశేషం ఉంది. ఒక్కొక్క తీగ ఒక్కొక్క దెబ్బకు సరిపోతుంది కాని, మొదటి దెబ్బ క్రింది మీటుపై, రెండవది పై మీటుపై, మూడవది మరల క్రింది మీటుపై పడతాయి. చతురశ్రంలో తాళం వేసే చేయి వలె పనిచేసిన కుడి చేయి ఇక్కడ ఆ సహాయం చేయదు. దెబ్బపై ఉన్న స్వరాన్ని ప్రతిసారీ నొక్కి పలికిస్తూ సాధన చేయడం ఒక్కటే మార్గం. చతురశ్ర నడకలో అదే అమరికను వాయిస్తే దెబ్బ 6వ తీగలో మొదటి స్వరంపై, 5వ తీగలో రెండవ స్వరంపై, 4వ తీగలో మూడవ స్వరంపై పడి, 3వ తీగపై దెబ్బ లేకుండా పోయి, 2వ తీగలో మరల మొదటి స్వరానికి వస్తుంది.

వేగం

సాధారణంగా చెప్పే సలహా మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున తప్పు లేకుండా వాయించి, తరువాత కొద్ది కొద్దిగా పెంచుకొంటూ పోవడం. 60 దగ్గర సెకనుకు 4 స్వరాలు, 120 దగ్గర 8 స్వరాలు అవుతాయి. స్వరాల వరుస గుర్తుండడానికి, ఎడమ చేతి వ్రేలు ఫ్రెట్‌పై దిగే క్షణమూ పిక్ తీగను విడిచే క్షణమూ ఒకటి కావడానికి ఈ నెమ్మది సాధన తప్పనిసరి. పిక్ ముందు, వ్రేలు వెనుక అయితే ఎంత చక్కగా మీటినా స్వరం మొద్దుబారుతుంది.

అయితే నెమ్మది సాధన ఒక్కటే చాలదు. ముందు చెప్పినట్లు, నెమ్మదిగా వాయించేటప్పుడు తప్పు దారిలో కదిలే చేయి కూడా తప్పు లేకుండానే వాయించగలదు. ఆ దారిలో పెంచుకొంటూ పోతే ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అందువలన మధ్య మధ్య చిన్న తునకను, ఐదారు స్వరాలకు మించకుండా, తాను వాయించదలచిన వేగంలోనే వాయించి చూసుకోవడం అవసరం. అప్పుడు చేయి ఎక్కడ చిక్కుకొంటుందో బయటపడుతుంది. కర్ణాటక సంగీతంలో మూడు కాలాల పద్ధతి ఇక్కడ పనికి వస్తుంది: తాళం మార్చకుండా దెబ్బకు ఒకటి, రెండు, నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే ఒకే కూర్చోవడంలో నెమ్మదీ వేగమూ రెండూ చేతికి పరిచయమవుతాయి.

వేగం కొరకు పిక్‌ను గట్టిగా పట్టుకొనడం, భుజం బిగించడం సర్వసాధారణమైన పొరపాట్లు. అలసట వేరు, నొప్పి వేరు. మణికట్టులో గాని మోచేతి వద్ద గాని నొప్పి, వ్రేళ్ళలో తిమ్మిరి కలిగితే ఆ రోజుకు సాధన ఆపవలెను. మరునాటికీ తగ్గకపోతే వైద్యుని సంప్రదించవలెను. నొప్పిని భరిస్తూ వాయించడం పట్టుదల అనిపించుకోదు. స్నాయువులకు కలిగిన వాపు నెలల తరబడి వాద్యానికి దూరం చేయగలదు.

ఇతర పద్ధతులు

తీగ మారేటప్పుడు మాత్రం నియమాన్ని సడలించి, వెళ్ళే దిశలోనే మరల మీటడాన్ని ఎకానమీ పికింగ్ అంటారు. తీగకు మూడేసి స్వరాల ఆరోహణలో అప్పుడు ప్రతి తీగపైనా క్రింది, పై, క్రింది అనే వరుసే వస్తుంది; పిక్ ఒక తీగ నుండి తరువాతి తీగపైకి జారుతుంది. 1980ల దశకంలో ఫ్రాంక్ గాంబేల్ ఈ పద్ధతిని, దీనికి దగ్గరదైన స్వీప్ పికింగ్‌ను విస్తృతంగా వాడి, బోధించాడు. ఎడమ చేతి వ్రేళ్ళతోనే స్వరాలను పలికించే లెగాటో మరొక మార్గం. ఇందులో తీగకు ఒకే మీటు చాలును, కాని స్వరాలు ఒకదానిలో ఒకటి కలసిపోయినట్లు వినబడతాయి.

వీటిలో ఏది మేలు అన్నదానిపై గిటారు వాదకులలో వాదోపవాదాలకు కొదువ లేదు. స్టీవ్ మోర్స్ తీగకు ఒక్కొక్క స్వరమే ఉండే ఆర్పెజియోలను కూడా ఆల్టర్నేట్ పికింగ్‌తోనే వాయిస్తాడు. జాంగో రైన్‌హార్ట్ వేగమైన వరుసలను కూడా తన క్రింది మీటుల పద్ధతిలోనే వాయించాడు. ప్రారంభ దశలో ఉన్న విద్యార్థి మొదట ఆల్టర్నేట్ పికింగ్ నేర్చుకొనడం మంచిదనే అభిప్రాయం బోధకులలో ఎక్కువ. తక్కిన పద్ధతులు ఈ నియమాన్ని ఎక్కడ సడలించాలో చెప్పేవి కనుక, ముందు ఈ నియమం చేతికి తెలిసి ఉంటే వాటిని అర్థం చేసుకోవడం తేలిక.